శాంతవ్వ చేతి గుర్తు

గల్ఫులో, హమ్రియా అనే పేటలో అజీజా దుకాణం వెనక వంటింట్లో శాంతవ్వ పొద్దున్నే మామిడికాయ తొక్కు కలిపేది. వెడల్పు మూతి జాడీలకెత్తి, పైన తెల్లగుడ్డ బిగించి కట్టేది. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుంది కదా, ఆ ఎరుపులో కుడి అరచెయ్యి ముంచి గుడ్డ మీద ఒక్కటి అద్దేది. చెయ్యి పడని తొక్కుకు బూజు పడుతుందని జగిత్యాల దిక్కున ఆమె అత్త అనేది. అత్త చెప్పిన సవాలక్ష మాటల్లో శాంతవ్వ పాటించినవి రెండే. ఇదొకటి. తొక్కు చేతికి చేతికి ఇస్తే కొట్లాటవుతుందన్నది ఇంకొకటి. అందుకే ఎంతటివాడు కొనడానికి వచ్చినా జాడీ బల్ల మీద పెట్టి, "తీస్కో బిడ్డా" అనేది.

గుడ్డ మీది చేతికి ఎవరైనా అరచెయ్యి ఆనిస్తే ఆ ఎర్రచెయ్యి తిరిగి పట్టుకునేది. కొత్తవాళ్లనైతే మర్యాదకు ఒకసారి పట్టి వదిలేది. తన తొక్కు తిన్నవాళ్లను మాత్రం మరిచేది కాదు, వేళ్లలో వేళ్లు జొనిపేది. ఘుబ్రా బిల్డింగు సైట్లలో పనిచేసే మనవాళ్లు డ్యూటీ దిగి వచ్చి, ఆ చెయ్యి పట్టుకున్నాకే అన్నానికి కూర్చునేవాళ్లు. వాళ్లలో లింబాద్రి అనేవాడు, తల్లి పోయిందని కబురు తెలిసిన రోజు జాడీని పక్కలో పెట్టుకుని పడుకున్నాడు. రూమ్‌లో ఎవరూ వింతపడలేదు. తొక్కు లేకుండా తినాల్సి వచ్చిందని మాత్రం కాస్త గొణిగారు.

తొంభై రెండులో రూవీలోని ఒక పెద్ద కంపెనీ రేకు డబ్బాల్లో మామిడి తొక్కు దించింది. డబ్బా మీద ఎర్రటి చెయ్యి బొమ్మ. అంతటితో ఆగినా బాగుండేది. ఆ మార్కు సర్కారులో తమ పేర రిజిస్టరైందని, అజీజా దుకాణమే దాన్ని దొంగిలించిందని కోర్టుకెక్కింది. దొంగే "దొంగ, దొంగ" అని అరిచినట్టుంది వరస. తీర్పు వచ్చేదాకా జాడీల మీద చెయ్యి వెయ్యొద్దని కోర్టు ఆపింది. బోడి గుడ్డల జాడీలు చూసి లింబాద్రి వట్టి చేతులతో వెళ్లిపోయాడు.

"ఓడిపోతే దుకాణానికి తాళమే శాంతా. నీ వీసా కూడా దుకాణం మీదే ఉంది" అంది అజీజా, వచ్చిన హిందీలో.

"వీసా పోతె పోనీ మామా" అంది శాంతవ్వ. యజమానురాలు తనకన్నా పదేళ్లు చిన్నదైనా అక్కడ మామా అనే పిలవాలి. "నా చెయ్యి నాది గాదంటె, ఇగ నాదేమున్నది?"

ఆ మాటకు అజీజా కళ్లు తుడుచుకుని వకీలును పెట్టింది. జనం ఒకటి కొనబోయి ఇంకొకటి కొనేంత పోలిక ఉందా, ఆ గుర్తు ముందునుంచీ ఎవరు వాడుతున్నారు, ఈ రెండే కోర్టు చూస్తుందన్నాడు ఆయన. పోలిక ఉందని ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి. ముందెవరన్నదే తగాదా.

"నేనీ దేశమొచ్చినప్పటి సంది ఈ చెయ్యి పట్టుకునే తింటున్న సాబ్" అని లింబాద్రి సాక్ష్యం చెప్పాడు. ఆమె ఊరివాడు ఆమె పాటే పాడతాడని కంపెనీ వకీలు కొట్టిపారేశాడు.

కంపెనీ తరఫున సంజీవ్ అనే సేల్స్ మేనేజరు లేచాడు. నిజామాబాద్ పిల్లవాడు, ఇస్త్రీ చొక్కా. శాంతవ్వ వైపు చూడలేదు. మార్కు తన ఊహేనని, ఆ జాడీని ఇవాళే మొదటిసారి చూడటమని ప్రమాణం చేసి చెప్పాడు.

అజీజా ఇంట్లో మిగిలిన పాత జాడీ ఒకటి శాంతవ్వ ఒడిలో ఉంది. ఇటివ్వమని ముసలి జడ్జి చెయ్యి చాపాడు. ఆమె గబుక్కున వెనక్కి తీసుకుంది.

"తొక్కు చేతికియ్యను సాబ్. కొట్లాటయితది."

దుబాసీ నీళ్లు నములుతూ ఆ మాటను అరబ్బీలో చెప్పాడు. "ఇప్పుడున్నది చాలదా తల్లీ?" అని జడ్జి నవ్వాడు. ఆమె జాడీని బల్ల మీద పెట్టింది. బల్ల దగ్గర నిలబడ్డది సంజీవే. "నువ్వు తెచ్చివ్వు" అన్నాడు జడ్జి.

సంజీవ్ ఒక చెయ్యి జాడీ కింద, ఒక చెయ్యి పైన వేసి ఎత్తాడు. గుడ్డ మీది చెయ్యి అతని వేళ్లలో వేళ్లు జొనిపింది.

జడ్జి కుర్చీ దిగి వచ్చాడు. సంజీవ్ చేతిని మెల్లగా విడిపించి తన అరచెయ్యి ఆనించాడు. అది ఒకసారి పట్టి వదిలేసి, మళ్లీ సంజీవ్ వేళ్లను వెతుక్కుంది.

"నాకు సలాం చెప్పి వదిలేసింది. నిన్ను ముందే ఎరిగినట్టుందే?"

సంజీవ్ లాక్కుంటే వచ్చే చెయ్యే అది. అతను లాక్కోలేదు. తల తిప్పి మొదటిసారి శాంతవ్వను చూశాడు.

"ఐదేండ్ల కింద ఘుబ్రా సైట్ల కూలీగున్న అవ్వా. జరమొచ్చి పడుకుంటె అందరు డ్యూటీకి పోయిన్రు. ఇదొక్కటే నన్ను పట్టుకున్నది. మా సార్ మంచి బొమ్మ చెప్పుమంటె, నా మనసుల ఇంకోటి మెదలలే." తర్వాత అదే మాట దుబాసీ చేత జడ్జికి చెప్పించాడు.

రిజిస్టరు చేసినంత మాత్రాన సొంతం కాదని, ముందు వాడినవాళ్లదే గుర్తని కోర్టు కంపెనీ మార్కును కొట్టేసింది. తప్పు అక్కడికక్కడే ఒప్పుకున్నాడని సంజీవ్‌ను వదిలేసింది. కంపెనీ మాత్రం వదల్లేదు, ఉద్యోగం తీసేసి ఇంటికి టికెట్ చేతిలో పెట్టింది.

పోయే ముందు అతను దుకాణానికి వచ్చి గడప బయటే నిలబడ్డాడు. శాంతవ్వకు కోపం తగ్గలేదు, అయినా ఎర్రచెయ్యి ఆరని కొత్త జాడీ ఒకటి తెచ్చింది. బల్ల మీద పెట్టబోయి ఆగింది. గడప దాటి వెళ్లి, ఆ జాడీని తిన్నగా అతని చేతుల్లో పెట్టింది.

"అవ్వా, చేతికియ్యరాదంటివి గద!"

"కొట్లాట గావాల్ననే ఇచ్చిన. కొట్లాడనీకి మనిషి ఈడ్నే ఉండాలె గద."

లోపలున్న అజీజాకు తెలుగు రాదు, కానీ శాంతవ్వ ఎన్నడూ లేనిది జాడీ చేతికివ్వడం చూసింది. మర్నాడే కంపెనీకి వెళ్లి, బజారులో ఉన్న డబ్బాలు అమ్ముకోనిస్తాను, ఆ పిల్లవాడిని వీసా మార్చి నా దుకాణానికి వదలండి అని బేరం పెట్టింది. వాళ్లు ఒప్పుకున్నారు.

అత్త మాట పొల్లు పోలేదు. ఉప్పెక్కువైందని సంజీవ్, నీ నోరే చప్పబడ్డదని శాంతవ్వ, ఆ వంటింట్లో రోజూ కొట్లాటే.