ఇంటిబండి కడిగిన రోజు

సూరయ్య లుంగీ పైకెగ్గట్టి, బండి లోపల మోకాళ్ళ మీద కూర్చుని తెల్లవారినప్పట్నుంచీ నేల తోముతూనే ఉన్నాడు. సబ్బు అయిపోయింది, నిమ్మకాయలు అయిపోయాయి, బకెట్లు ఎన్నయ్యాయో లెక్కలేదు. ఎండుచేపల వాసన మాత్రం పూర్తిగా పోలేదు.

ఆ బండి మొదట్లో స్కూలు వ్యాను. పాతబడ్డాక ఒక ఎండుచేపల వ్యాపారి కొని, సీట్లన్నీ పీకించేసి, నాలుగేళ్ళు సరుకు తిప్పాడు. అతను వదిలించుకున్నాక సూరయ్య తెచ్చుకుని, ఆరు నెలలు దానితోనే బతికి ఇల్లు చేశాడు. ఇరవయ్యేళ్ళు బోట్ల మీద తిరిగిన మనిషి కనక, ఇరుకు చోట్లో మనిషి ఎలా పడుకోవాలో, గిన్నెలు కుదుపుకి పడకుండా ఎలా నిలబెట్టాలో అతనికి తెలుసు. ఒక పక్క మంచం, మంచం కింద అరలు, ఇంకో పక్క గ్యాసు పొయ్యి, చేతులు కడుక్కోడానికి కుళాయి, పైన నీళ్ళ ట్యాంకు. కిటికీలకి తెల్ల తెరలు కుట్టింది లక్ష్మణమ్మే.

"ఆ మంచం కింద మూల ఒగ్గీసినావు," అంది లక్ష్మణమ్మ, బయట రేకుల నీడలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని.

"అక్కణ్ణించి నీకెలాగ కనిపిస్తాదే?"

"కనిపించక్కల్లేదు. ముప్పయ్యేళ్ళు ఎండుసేపలమ్మినాను. ఏ మూల నుంచి వస్తందో నా ముక్కుకి తెల్దేటి?"

సూరయ్య గొణుక్కుంటూ బ్రష్షు ఆ మూలకి తోశాడు. బయట బండి మీద పైపుతో నీళ్ళు కొడుతున్న గిరిబాబు పగలబడి నవ్వాడు. అతను లక్ష్మణమ్మ తమ్ముడు. కోటబొమ్మాళి దగ్గర హైవే పక్కనున్న ఆ మెకానిక్ షెడ్డు అతనిదే. ఇంజను పనంతా అతనే చేశాడు, ప్రయాణంలో స్టీరింగు కూడా అతనే పడతానన్నాడు.

"సినిమావోల్ల కారవాను లాగుంది గదప్పా," అన్నాడు అక్కతో. "రేపు పాలిష్ కొట్టీసినామంటే నీ మొకం నువ్వు సూస్కోవచ్చు."

"నా మొకం సూస్కోడానికి ఏటున్నాదిరా," అంది గాని, ఆవిడ ముఖంలో చాలా రోజుల తర్వాత నవ్వు కనబడింది.

ఎల్లుండి తెల్లవారుజామున బయల్దేరాలి. వెళ్ళేది వేరావల్. గుజరాతు సముద్రం ఒడ్డు.

మూడేళ్ళ కిందట వాళ్ళ కొడుకు శివాజీ అక్కడే పోయాడు. ఊళ్ళో మగవాళ్ళందరిలాగే వాడూ బోటు పనికి వెళ్ళాడు. గాలివానలో బోటు బోల్తా పడి, మూడో రోజున శవం ఒడ్డుకి కొట్టుకొచ్చింది. అంత దూరం తెచ్చే స్థితిలో లేదని తోటివాళ్ళు అక్కడే ఇసకలో చితి పేర్చేసి, తర్వాత ఫోను చేశారు. లక్ష్మణమ్మ ఏడ్చింది, పది రోజులకి లేచి పనిలో పడింది. కాని అప్పట్నుంచీ ఆవిడకి ఒకటే కోరిక. "ఆడ్ని కాల్సిన సోట ఓపాలి కూకోవాలి, మావా. ఇంకేటీ వొద్దు."

వెళ్దామనుకునే లోగా ఆవిడ కాళ్ళు వాచాయి. ఆవిడ పుట్టిల్లు ఉద్దానం. ఆ వైపు ఇంటికొకరుగా కిడ్నీలు పోతున్నాయని అందరికీ తెలుసు, కాని తన వంతు వస్తుందని ఎవరూ అనుకోరు. డాక్టరు పొట్టకి గొట్టం పెట్టాడు. రోజుకి నాలుగుసార్లు పొట్టలోని పాత నీళ్ళు సంచిలోకి దించి, కొత్త సంచిలో మందునీళ్ళు ఎక్కించాలి. ఆ పనికి తలుపులు మూసిన శుభ్రమైన గది కావాలి. ఫ్యాను ఆపాలి, మూతికి గుడ్డ కట్టుకోవాలి, చేతులు మోచేతుల దాకా కడగాలి. గొట్టం కొన దేనికైనా తగిలిందా, ఆ సంచి పారేసి వేరేది తీసుకోవాలి. దిగిన నీళ్ళు తేటగా ఉండాలి. మసకబారితే పరుగు పరుగున ఆస్పత్రికి రావాలి. "రైలు సంగతి మరిచిపొండి," అన్నాడు డాక్టరు. ఆ మాట విన్న రోజే సూరయ్యకి బండి ఆలోచన వచ్చింది.

మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి లక్ష్మణమ్మ లేచింది. "సంచి మార్సే ఏల అయిపోనాది. ఇంటికి దిగబెట్టు."

ఇల్లు సముద్రం ఒడ్డున భావనపాడు దగ్గర. వెళ్ళి రావడానికి గంటన్నర పడుతుంది. సూరయ్యకి ఆ గంటన్నర పోగొట్టుకోవాలని లేదు. అంతకన్నా, తను కట్టిన ఇల్లు పనికొస్తుందో లేదో చూడాలని మనసు ఉవ్విళ్ళూరుతోంది.

"ఇక్కడే సేసీద్దాం. గురుపెవేసం అనుకో. అత్తవసరానికని ఓ సంచి నేను అరలో పెట్టీసే ఉంచినాను."

"నేల ఇంకా తడిగున్నాది మావా. వాసనున్నాది."

"మంచం డెట్టాలేసి తుడిసినాను. ఎల్లుండి నుంచి ఇందులోనే గదా సెయ్యాలి? రా."

ఆవిడ లోపలికి తొంగి నేల చూసింది. తర్వాత మెట్టెక్కి లోపలికి వచ్చింది.

సూరయ్య తలుపులు వేశాడు, తెరలు దించాడు, చేతులు కడుక్కున్నాడు. పొద్దుట్నుంచీ తడిలో నానిన వేళ్ళు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. పాత నీళ్ళు దిగాయి. కొత్త సంచి గొట్టానికి మూత తీసి బిగించబోతుంటే వెనక తలుపు ధడాలున తెరుచుకుంది.

"బావా, పాలిష్ డబ్బా ఎక్కడెట్టీసినావు?" అంటూ గిరిబాబు తల లోపలికి పెట్టాడు.

"ఒరే, ముయ్యిరా తలుపు!"

తలుపు మూసుకుంది. అయితే ఆ ఉలికిపాటుకి సూరయ్య చెయ్యి జారింది. బొటనవేలు గొట్టం కొన మీద పడింది. రెప్పపాటు, అంతే. చల్లగా తగిలిన సంగతి అతనికి బాగా తెలిసింది.

అక్కడ రెండో సంచి లేదు. ఇంటికి వెళ్ళాలి. తను తొందరపడ్డానని ఒప్పుకోవాలి. లక్ష్మణమ్మ తల అటు తిప్పుకుని కిటికీ తెర వైపు చూస్తోంది. సూరయ్య ఒక్క క్షణం ఆగాడు. తర్వాత గొట్టం బిగించేశాడు.

మర్నాడు పాలిష్ పట్టారు. గిరిబాబు రబ్బింగు కాంపౌండు పూసి రుద్దుతుంటే, వెనకాలే సూరయ్య మెత్తటి గుడ్డతో వ్యాక్సు పట్టించాడు. పాత పసుపు రంగు మెల్లగా మేలుకుంది. సాయంత్రానికి బండి ఎండలో ఇత్తడి బిందెలా ఉంది. రోడ్డున పోయేవాళ్ళు ఆగి చూశారు. సూరయ్య మాత్రం రుద్దిన చోటే మళ్ళీ మళ్ళీ రుద్దుతూ, గంటకోసారి ఇంటికి ఫోను చేశాడు.

"నీల్లెలాగున్నాయి?"

"తేటగున్నాయి. ఎన్నిపాల్లు అడుగుతావు?"

అతని గుండె కుదుటపడింది. ఏమీ కాలేదు, అనుకున్నాడు. డాక్టర్లు అలాగే భయపెడతారు.

బయల్దేరిన పొద్దున లక్ష్మణమ్మ సంచి తనే మార్చుకుని, కొత్త చీర కట్టుకుంది. బండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ తనే కొట్టింది. శ్రీకాకుళం దాటేవరకూ ముందు సీట్లో కూర్చుని దారి చూసింది. ఆ తర్వాత నడుం వాలుస్తానని వెనక్కి వెళ్ళి పడుకుంది. విజయనగరం దాటాక ఒక మామిడితోట పక్కన బండి ఆపారు. సంచి మార్చే వేళయింది.

"నాను సేసుకుంటాను," అంది ఆవిడ. "మీరెల్లి కొబ్బొరి బొండం ఏదైనా దొరుకుతాదేటో సూడండి. నోరెండిపోతంది."

బొండాలమ్మే మనిషి తోట మలుపులోనే కనిపించాడు. గిరిబాబు అక్కడ కాయ కొట్టిస్తుంటే సూరయ్య ముందే వెనక్కి వచ్చేశాడు. ఆవిడ బండి దిగి, ఒక చెట్టు మొదట్లో వంగి, సంచిలో నీళ్ళు పారబోస్తోంది. ఒక చేత్తో పొట్ట పట్టుకుంది. ఎండుటాకుల మీద పారుతున్న నీళ్ళు తెల్లగా, బియ్యం కడిగినట్టున్నాయి.

సూరయ్య పరిగెత్తి సంచి లాక్కున్నాడు. అడుగున ఇంకా కొంచెం మిగిలి ఉంది. ఎత్తి వెలుగుకి పట్టి చూశాడు. అవతలున్న చెట్టు కనబడలేదు.

"ఎప్పట్నించి?"

ఆవిడ సంచి కోసం చెయ్యి చాపింది. నుదుటి మీద చెయ్యి వేస్తే కాలిపోతోంది.

"లచ్చనమ్మా, ఎప్పట్నించే?"

"నిన్న సందేళ నించి."

"తేటగున్నాయని సెప్పినావు గదే!"

"సెప్తే ఆపీవోడివి," అంది. చెట్టుకి ఆనుకుని నెమ్మదిగా కిందికి జారి కూర్చుంది. "ఎల్లొచ్చేక సెప్దామనుకున్నాను. నాలుగు రోజులే గదా మావా. పోనీ బండి. నాకేటీ అవదు. పోనీ."

సూరయ్య ఆవిణ్ణి ఎత్తుకుని బండిలో పడుకోబెట్టాడు. గిరిబాబు బండి తిప్పుతుంటే ఆవిడ మంచం మీంచి లేవబోయింది. "ఎనక్కి తిప్పొద్దురా! ఒరే గిరీ, నీకు దన్నం పెడతాను, తిప్పొద్దురా!" అని కేకలు పెట్టింది. తర్వాత కేకలు మూలుగైపోయాయి. విజయనగరం చేరేవరకూ సూరయ్య ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ఆస్పత్రిలో ఆవిణ్ణి వెంటనే లోపలికి తీసుకుపోయారు. పొట్టంతా చీము పట్టిందన్నారు. ఒక్క రోజు ముందు వచ్చినా మందుతో లొంగేదన్నారు. ఎక్కడ జరిగింది, ఎప్పుడు జరిగింది అని డాక్టరమ్మ అడిగితే సూరయ్య తల వంచుకున్నాడు.

వరండాలో గిరిబాబు గోడకి తల కొట్టుకుంటూ ఏడ్చాడు. "నానే బావా. ఆ దినం తలుపు తీసింది నానే. దుమ్ము లోపలికొచ్చీసింటాది. నా సేతుల్తో నా అప్పని సంపుకున్నాను."

సూరయ్య అతని పక్కన కూర్చున్నాడు. ఊరుకుంటే ఆ మాట అలాగే నిలిచిపోతుంది. ఊళ్ళో అందరూ అదే అనుకుంటారు. అత్తారింట్లో ఉన్న కూతురు ఉష వస్తే ఆమెకీ అదే చెప్పొచ్చు. గిరిబాబు వెక్కుతూనే ఉన్నాడు. చొక్కా చేతికి పాలిష్ మరక ఇంకా అలాగే ఉంది.

"నువ్వు కాదురా," అన్నాడు సూరయ్య. "నా బొటనేలు తగిలినాది. గొట్టానికి. నాకు తెలిసే బిగించీసినాను."

గిరిబాబు ఏడుపు ఆపాడు. "తెలిసేనా?"

"తెలిసే."

"ఇంటికాడ సంచులున్నాయి గదా. గంట పని."

"ఉన్నాయి."

గిరిబాబు లేచాడు. కొట్టడానికి చెయ్యెత్తినట్టే ఎత్తి, దించేశాడు. బండి తాళాలు బెంచీ మీద పెట్టి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆ రోజు బస్సెక్కి కోటబొమ్మాళి వెళ్ళిపోయాడని తర్వాత తెలిసింది.

లక్ష్మణమ్మ బతికింది. పదిహేడు రోజులు మంచం మీద ఉంది. పొట్టలో గొట్టం తీసేశారు, మళ్ళీ పెట్టడం కుదరదన్నారు. ఇక మీద వారానికి మూడు రోజులు ఆస్పత్రిలో మిషను మీద పడుకుని రక్తం శుద్ధి చేయించుకోవాలి. రెండు రోజులకి మించి ఎక్కడికీ కదలడానికి లేదు. ఆ మాట విన్నప్పుడు ఆవిడ డాక్టరమ్మని ఒకటే అడిగింది, వేరావల్ ఎన్ని రోజుల దారో తెలుసా అని. డాక్టరమ్మకి తెలియదు.

ఇంటికి పంపే ముందు రోజు సూరయ్య ఆవిడకీ చెప్పాడు. చెప్పేటప్పుడు ఆవిడ ముఖం చూడలేక మంచం కోడు చూస్తూ చెప్పాడు.

"నాను సూసేను," అంది లక్ష్మణమ్మ.

సూరయ్య తలెత్తాడు.

"నీ ఏలు తగలడం సూసేను. తల తిప్పీసుకుని, నువ్వు ఆపుతావేటో అని ఎదురుసూసేను. ఆపలేదు. నానూ నోరిప్పలేదు. ఇంటికెల్తే ఆ దినం పనాగిపోతాది, పెయానం ఎనకబడతాది అనుకున్నాను." ఆవిడ గొంతులో కోపం లేదు. ఏమీ లేదు. "నువ్వొక్కడివే సేసినట్టు ఏడకు."

అతనికి అది ఓదార్పులా అనిపించలేదు.

ఇప్పుడు సోమవారం, బుధవారం, శుక్రవారం ఆవిణ్ణి టెక్కలి తీసుకెళ్ళాలి. ఆ బండిలోనే వెళ్తారు. తిరిగొచ్చేటప్పుడు ఆవిడకి కూర్చునే ఓపిక ఉండదు కనక మంచం పనికొస్తోంది. నడిపేది గిరిబాబే. మూడో వారం తనంతట తనే వచ్చి తాళాలకి చెయ్యి చాపాడు. దారంతా అప్పతో మాట్లాడతాడు. బావతో మాత్రం ఆ వరండాలో అన్న మాటే ఆఖరిది. సూరయ్య "బండి ఎడమకి లాగుతందేటి?" అని అడిగినా, జవాబు లక్ష్మణమ్మకి చెబుతాడు.

వానలు తగ్గాక ఒక శుక్రవారం, టెక్కలిలో ఆవిడ మిషను మీద ఉండగా ఫోను వచ్చింది. వేరావల్‌లో శివాజీతో ఒకే బోటు మీద పనిచేసిన దాలయ్య చేశాడు. ఎవరో చెబితే ఆవిడ ఇక రాలేదన్న సంగతి తెలిసిందట. శివాజీ తల్లికి చూపిస్తానని ఒడ్డుకి వెళ్ళి వీడియో కాల్ చేశాడు.

సూరయ్య ఫోను ఆవిడ ముఖానికి ఎదురుగా పట్టుకున్నాడు. గాలి హోరు. నల్లటి ఇసక. రంగు వేయడానికి ఒడ్డుకి లాగిన బోట్లు వరసగా ఉన్నాయి. వాటి మధ్య దాలయ్య నడుస్తున్నాడు.

"ఇక్కడే పిన్నీ," అన్నాడు. ఆగి అటూ ఇటూ చూశాడు. "ఇక్కడే... కాదు, ఆ బోటు అవతలో. అప్పుడీ బోట్లు లేవు. సముద్రం కూడా లోపలికొచ్చీసినాది పిన్నీ. ఇక్కడో, అక్కడో. గేపకం రావట్లేదు."

లక్ష్మణమ్మ కన్ను ఆర్పకుండా చూసింది. ఒక చేతికి రెండు సూదులు గుచ్చి ఉన్నాయి, ఆ చెయ్యి కదపకూడదు. రెండో చేత్తో తెర మీద ఇసకని తాకబోతే బొమ్మ పెద్దదై, మసకైపోయింది.

"ఏటి పిన్నీ, కనిపిస్తందా?" అన్నాడు దాలయ్య.

"కనిపిస్తంది బాబూ," అంది. "ఎండలో నిల్సోకు. పనికెల్లు."

ఫోను ఆగిపోయాక సూరయ్య దాన్ని జేబులో పెట్టుకుని పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. మిషను ఇంకా రెండు గంటలు తిరగాలి. లక్ష్మణమ్మ గోడ వైపు తల తిప్పుకుంది.