కబుర్లు చెప్పేంత వేగం

దూలానికీ మనిషికీ పంతం వస్తే దూలమే గెలుస్తుంది. దానికి తల లేదు కనుక పోయేదేమీ లేదు. ఈ సంగతి బావకి కాస్త ఆలస్యంగా తెలిసింది.

బావ లిఫ్టు మెకానిక్కు. సొంత బావమరిది కూడా అదే జట్టులో ఉండి, పొద్దస్తమానం "బావా, బావా" అని పిలుస్తూ ఉండడంతో జట్టు మొత్తానికీ, చివరికి సూపర్వైజరుకి కూడా ఆయన బావే అయిపోయాడు. ఆ రోజు మేడ పైన మోటారు గదిలో, కింద పడ్డ బోల్టు కోసం వంగాడు. నుదుట చెమట పడుతోందని హెల్మెట్ తీసి పక్కన పెట్టాడు. బోల్టు దొరికింది. దొరికిన సంతోషంలో ఒక్క ఉదుటున లేచాడు. పైన ఇనుప దూలం ఉంది. రోజూ అందరికీ "తల జాగ్రత్తర్రా" అని అరిచే మనిషి, తన తల సంగతి మరిచిపోయాడు.

కళ్ళు తిరుగుతుండగానే, "దూలం తగిలి దూల తీరింది" అన్నాడు. తరువాత చాలా రోజులు ఆయన నోట ఇంకో జోకు రాలేదు.

"మెదడు మెదిలింది. దీన్ని కంకషన్ అంటాం. కొన్నాళ్ళు మీరు మెదలకూడదు" అంది డాక్టరమ్మ.

బావ నవ్వలేదు. పక్కన నిలబడ్డ భార్య అది గమనించింది. అంత మంచి మాట చేతికందితే, ఈయన దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి ఇంకో పది మాటలు పుట్టించకుండా వదిలేశాడంటే దెబ్బ గట్టిదే అనుకుంది.

కోలుకునే దారి మెట్లు మెట్లుగా ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. ముందు విశ్రాంతి, తరువాత మెల్లటి నడక, ఆపైన కదలని సైకిల్ తొక్కడం, ఆపైన చిన్న పరుగు, ఆఖర్న ఎత్తు ఎక్కే పరుగు. నొప్పి గానీ, తిప్పు గానీ, మసక గానీ మొదలైతే అక్కడికక్కడే ఆగిపోవాలి. అది తగ్గాక, ఒక మెట్టు కిందికి దిగి మళ్ళీ ఎక్కాలి. జీవితమంతా జనానికి మెట్లు తప్పించిన మనిషికి చివరికి మెట్లు తప్పలేదు.

"పరుగెత్తేటప్పుడు పక్కన ఎవరినైనా పెట్టుకోండి. వాళ్ళతో తీరిగ్గా కబుర్లు చెప్పగలగాలి. అంతే వేగం. అంతకు మించితే ఎక్కువైనట్టు" అందామె. "ఎత్తు మీద కూడా ఏ ఇబ్బందీ లేకుండా పరుగెత్తిన రోజున మీరు మళ్ళీ లిఫ్టు పనికి వెళ్ళొచ్చు. అంతవరకూ వద్దు."

ఆ "అంతవరకూ" అన్న మాటే బావకి గుచ్చుకుంది. కొత్తగా లేస్తున్న ఆకాశమంత భవనంలో లిఫ్టు పెట్టే పనికి మేస్త్రీగా ఆయన పేరే అనుకున్నారు. ఇన్నేళ్ళూ ఇంకొకరి మేస్త్రీతనం కింద ఎన్నో భవనాలు ఎక్కి దిగాడు. జనాన్ని పైకి తెచ్చాడు గానీ తాను పైకి రావడం ఇదే మొదటిసారి. పని త్వరలో మొదలవబోతోంది. ఈలోగా ఆయన్ని ఆఫీసులో ఫిర్యాదుల ఫోను దగ్గర కూర్చోబెట్టారు. మధ్యలో ఇరుక్కుపోయినవాళ్ళు ఫోను చేస్తే, "నేనూ మధ్యలోనే ఉన్నానండీ" అనాలనిపించేది. ఫోను మోగితే తల మోగేది. కిటికీలోంచి ఎండ పడితే కళ్ళు మూసుకునేవాడు.

కబుర్లకి బావమరిది దొరికాడు. వాడు భారీ మనిషి. లిఫ్టు పెట్టె పైకి వెళ్తుంటే ఆ బరువుని సరితూచడానికి ఇంకో వైపు ఇనుప దిమ్మలు కిందికి దిగుతాయి, వాటిని కౌంటర్‌వెయిట్ అంటారు. జట్టులో వాడి పేరు కూడా అదే. బావ పరుగెత్తుతుంటే వాడు పక్కనే సైకిల్ మీద వచ్చేవాడు.

"నువ్వు కూడా పరుగెత్తరా, ఒళ్ళు తగ్గుతుంది" అంది వాడి అక్క.

"నేను తగ్గితే లిఫ్టు పైకి లేవదక్కా!" అన్నాడు వాడు.

నడక బాగానే సాగింది. సైకిల్ మెట్టూ దాటింది. చిన్న పరుగు మొదలైన వారంలో బావ మళ్ళీ జోకులు వెయ్యడం మొదలుపెట్టాడు. "అలుపు లేదురా, మలుపు దాకా పోదాం" అన్నాడొక రోజు. ఇంకో రోజు, "కుదుపు తగిలిన తలకి కుదురే మందు" అన్నాడు. బావమరిది పగలబడి నవ్వి, ఇంటికెళ్ళి అక్కకి ఒప్పజెప్పేవాడు. అక్క కుట్టుమిషను ఆపకుండానే "ఊఁ" అనేది.

ఒక తెల్లవారుజామున ఇద్దరూ నీళ్ళ ట్యాంకు వైపు ఎత్తు ఎక్కే వీధిలోకి తిరిగారు. ఎదురుగా రోడ్డుకి అడ్డంగా ఒక కుక్క కాళ్ళు బారచాపుకుని నిద్రపోతోంది.

"బావా, ముందు కుక్కుంది, ఇటు రా" అన్నాడు బావమరిది.

"అందుకే అంటాన్రా, పరుగుకీ పరువుకీ ఒక్క అక్షరమే తేడా!" అన్నాడు బావ, నేరుగా వెళ్ళి కుక్క తోక తొక్కుతూ.

కుక్క లేచి, ఏ డాక్టరునీ అడక్కుండానే, ఎత్తు ఎక్కే పరుగు అందుకుంది. బావ గోడ పట్టుకుని నిలబడ్డాడు. బావమరిది సైకిల్ దిగాడు. వాడి మొహంలో నవ్వు లేదు.

"బావా, ఇందాక నేనేమన్నాను?"

"ఏదో అన్నావు."

"ఏమన్నాను?"

బావ కుక్క పోయిన వైపు చూశాడు.

లిఫ్టు తిరిగే నిలువు గోతిలో పనిచేసేవాళ్ళకి ఒక పద్ధతి ఉంది. పైవాడు "జానెడు దించుతున్నా" అని అరిస్తే కిందివాడు "జానెడు దించు" అని అదే మాట తిరిగి అరవాలి. "ఆఁ" అంటే కుదరదు. "సరే" అంటే అసలే కుదరదు. విన్నాడని రుజువు లేకుండా పైవాడు చెయ్యి కదపడు, ఎందుకంటే దిగేది కిందివాడి నెత్తిన. చాన్నాళ్ళ క్రితం ఒక కుర్రాడు సగం విని "ఆఁ" అన్నందుకు బావ వాణ్ణి మెడపట్టి గోతిలోంచి బయటికి పంపాడు. ఆ కుర్రాడు ఈ బావమరిదే.

"వినకుండా జవాబు చెప్పావు బావా" అన్నాడు వాడిప్పుడు. "నొప్పి ఎప్పట్నుంచి?"

"మలుపు దగ్గర్నుంచి."

"ఏ రోజు మలుపు?"

"వారం కిందటిది."

"మరి ఆ జోకులన్నీ?"

"ఇంట్లోనే అల్లి పెట్టుకున్నాన్రా. పరుగులో ఒక్కోటీ వదులుతున్నా. నువ్వు నవ్వితే మీ అక్క నమ్ముతుంది, మీ అక్క నమ్మితే డాక్టరమ్మ నమ్ముతుంది."

"అదీ సంగతి! నిలవ వాసనొస్తోంటే నా ముక్కే బాగోలేదనుకున్నాను." వాడు సైకిల్‌ని గోడకి చేరేశాడు. "ఆ పెద్ద భవనంలో నువ్వు పైనుంటావు, నేను కింద ఉంటాను. నీకు పైన కళ్ళు తిరిగితే నీ జోకుకి కింద నవ్వేవాడుండడు బావా."

బావ అరుగు మీద కూలబడ్డాడు. "మీ అక్కకి చెప్పకురా" అన్నాడు.

"నేను చెప్పను. నువ్వే చెబుతావు."

చెప్పాడు. కుట్టుమిషను ఆగింది.

"నాకు తెలుసు" అంది భార్య. "మీ జోకుకి అందరికన్నా ముందు నవ్వేది మీరే. వారం నుంచి మీరు నవ్వట్లేదని వీడి మాటల్లోనే తెలిసిపోయింది."

"మరి అడగలేదేం?"

"అడిగితే ఇంకో నిలవ జోకు నా మొహాన కొడతారని. మీ అంతట మీరే వస్తారేమోనని చూశాను. ఇవాళ కూడా రాకపోతే నేనే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళేదాన్ని." ఆమె దారం కొరికి లేచింది. "పదండి, ఇద్దరం వెళ్దాం. ఆ రెండో జోకు మాత్రం బాగుంది."

డాక్టరమ్మ చివాట్లు పెట్టి, పరీక్ష చేసి, మళ్ళీ నడక మెట్టుకి దింపింది. బావ ఆ సాయంత్రమే సూపర్వైజరు గదికి వెళ్ళాడు. జట్టంతా అక్కడే ఉంది.

"పెద్ద భవనం పనికి నా తల ఇంకా సిద్ధం కాలేదు సార్."

"అదేంటి బావా? శుభ్రంగా మాట్లాడుతున్నావు, నవ్వుతున్నావు."

"ఆ రెండూ తల లేకుండా కూడా చెయ్యొచ్చు సార్."

సూపర్వైజరు కుర్చీలో వెనక్కి వాలాడు. "నువ్వు కాకపోతే మేస్త్రీ ఎవరు?"

"మా కౌంటర్‌వెయిట్."

గదిలో నవ్వులు లేచాయి. అందరికన్నా గట్టిగా బావమరిదే నవ్వాడు, తనమీదే జోకనుకుని. బావ మాత్రం నవ్వలేదు.

"నా తలలో నొప్పిని నేను దాస్తే వాడు పట్టుకున్నాడు. ఇనుము దాచుకునే నొప్పి వాడికి దొరకదా? ఇన్నేళ్ళూ వీణ్ణి చూసి అందరం నవ్వుకున్నాం. ఇక వీణ్ణి చూసి నేర్చుకుందాం."

నవ్వులు ఆగిపోయాయి. బావమరిది నోరు మాత్రం తెరుచుకునే ఉండిపోయింది.

అలా పెద్ద పని వాడికి వెళ్ళింది. బావ ఫోను దగ్గరే ఉన్నాడు. నడిచాడు, తొక్కాడు, పరుగెత్తాడు. ఒకసారి మసక వస్తే ఎవరూ అడక్కముందే "ఇవాళ్టికి ఇంతేరా" అని ఆగిపోయాడు. వెనక్కి దిగిన ప్రతిసారీ చిరాకు పడ్డాడు, అయినా దిగాడు. బావమరిది మేస్త్రీ అయ్యాక కూడా తెల్లారేసరికి సైకిల్‌తో గుమ్మంలో ఉండేవాడు.

ఎండలు కాస్త తగ్గాయి. ఒక ఉదయం ఇద్దరూ ఎత్తు ఎక్కుతున్నారు. బావమరిది సైకిల్ కిర్రుకిర్రుమంటోంది.

"ఒరేయ్, ఏమిటా ఏడుపు?"

"గొలుసుకి నూనె లేదు బావా."

"నూనె కాదురా. నువ్వెక్కితే ఏ గొలుసైనా గొల్లుమంటుంది!"

ఆ మాట ఎక్కడినుంచి ఊడిపడిందో బావకే తెలియదు. బావమరిది కన్నా ముందు తనే పకపకా నవ్వాడు. నవ్వుతూనే పరుగెత్తాడు. తలలో నొప్పి లేదు, తిప్పు లేదు. నీళ్ళ ట్యాంకు దగ్గర ఆగి వెనక్కి తిరిగితే బావమరిది సగం ఎత్తులో దిగి సైకిల్ తోసుకుంటూ వస్తున్నాడు, ఆయాసంతో, చెవుల దాకా నవ్వుతో.

డాక్టరమ్మ సరేనన్నాక బావ పెద్ద భవనానికి వెళ్ళాడు. హెల్మెట్ బిగించుకుని గోతిలో అట్టడుగున, లిఫ్టు పెట్టె జారే ఇనుప పట్టాల మధ్య నిలబడ్డాడు. పైన చుక్కంత వెలుతురు. అక్కడినుంచి ఒక గొంతు పిల్లిలా దిగింది.

"బావా... మీరు కొంచెం... వీలైతే, ఎడం వైపు పట్టా..."

"మీరేంట్రా కొత్తగా! వీలైతే ఏంటి? నువ్వు మేస్త్రీవి. మేస్త్రీలా అరిచి చెప్పు!"

పైన గొంతు సవరించుకున్న చప్పుడైంది. ఆ తరువాత గోతి గోతంతా దద్దరిల్లింది.

"ఎడం పట్టా బిగించు!"

"ఎడం పట్టా బిగించు!" అని బావ అంతకన్నా గట్టిగా అరిచి, రెంచీ అందుకున్నాడు. పక్కన తీగలు సర్దుకుంటున్న ఎలక్ట్రీషియన్ ఆయన్నేమీ అడగలేదు. అయినా బావ చెప్పాడు.

"పైనున్నది మా మేస్త్రీ అండీ. మా ఆవిడ తమ్ముడు."