ముప్పై ఆరు వేల తేడా

రక్తనిధిలో నన్ను లెక్కల మేడం అంటారు. అందులో వెటకారం సగం, గౌరవం సగం. సంచి మీది ఎనిమిదంకెల నంబరును చీటీతో ఒక్కో అంకే పోలుస్తూ కూర్చుంటే తెల్లారిపోతుందని, ఆరేళ్ల కిందట అందరికీ ఒక కిటుకు మప్పాను. అంకెలన్నీ కూడు, వచ్చినదాన్ని మళ్లీ కూడు, ఒక్క అంకె మిగిలేదాకా. చీటీకీ సంచికీ అదే అంకె వస్తే పంపించెయ్. అందరికీ తెగ నచ్చింది. నాకైతే మరీను.

ఆ మధ్యాహ్నం నాలుగో అంతస్తులో మా వదినకి ఆపరేషన్. కాన్పయ్యాక రక్తం ఆగలేదు. ఆమెకి ఏది పడితే అది పడదు. అదే గ్రూపువి పదకొండు సంచులు పరీక్షిస్తే ఒక్కటే కలిసింది. దాని నంబరు చీటీ మీద ఉంది: 40715263. ఫ్రిజ్‌లోంచి సంచి తీసి గబగబా అంకెలు కూడాను. ఇరవై ఎనిమిది, పది, ఒకటి. చీటీకీ ఒకటే. మనిషికిచ్చి పైకి పంపేశాను.

ట్రేలు సర్దుదామని మళ్లీ ఫ్రిజ్ తెరిస్తే, ముందు వరసలోనే ఉంది 40715263.

మరి పైకి వెళ్లిందేది? పంపేముందు సంచిని చూసి పుస్తకంలో నా చేత్తోనే ఎక్కించిన నంబరు 40751263. ఒకటీ ఐదూ చోట్లు మారాయి. రెంటికీ తేడా ముప్పై ఆరు వేలు, తొమ్మిదితో నిశ్శేషంగా పోతుంది. అంకెలు ఎలా తారుమారైనా అంతే, కూడితే మొత్తం మారదు. అదే పదకొండుతో భాగించి ఉంటే ఒకదానికి ఆరు మిగిలేది, రెండోదానికి మూడు. ఈ సంగతి బళ్లో చదివేటప్పటినుంచీ నాకు తెలుసు. తెలిసీ, త్వరగా తెములుతుందని కూడికనే పట్టుకున్నాను. నామీద నాకే అసహ్యం వేసింది.

పైన ఫోన్ ఎవరూ ఎత్తలేదు. లిఫ్ట్ ఎక్కడో ఆగిపోయింది. అసలు సంచి చంకలో పెట్టుకుని, మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను.

ఆపరేషన్ గది తలుపు తోసేసరికి సంచి వేలాడుతోంది. గొట్టం సగందాకా ఎర్రబడింది. ఆపమన్నాను గానీ, నర్సు కదిలేలోపే గొట్టం మీది చక్రం నేనే తిప్పి బిగించేశాను. వదిన చేతికి జానెడు దూరంలో ఆగింది రక్తం. మత్తు డాక్టరు నావైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. రెండో సంచి నంబరు ఒక్కో అంకే బిగ్గరగా చదివాకే ఎక్కించారు.

గంటకి గండం గడిచింది. బయట బల్ల మీద అన్నయ్య నా చెయ్యి పట్టుకుని ఏడ్చేశాడు. నువ్వే బతికించావన్నాడు. ఆ మాట మింగుడుపడలేదు. కిటుకు సంగతీ, ఆరేళ్ల సంగతీ దాచకుండా చెప్పేశాను.

మెల్లగా చెయ్యి వదిలేశాడు.

"మీ వదిన కోసం నువ్వు పరిగెత్తావు," అన్నాడు. "మిగతావాళ్ల కోసం ఎవరు పరిగెత్తారే?"