పెళ్ళికోసారి, పెట్టెకోసారి

"ఇంకెంత సేపు రుద్దుతవే? చీర చినుగుతది గని మరక వోతదా?" అంది మా అత్త మార్తమ్మ, వాకిట్లో కూర్చుని బియ్యం చెరుగుతూ.

నిజమే, పోదు. ఈ చీర ఉతకడం ఇది నాలుగోసారి. మొదటిసారి సబ్బు, తరవాత కుంకుడురసం, ఆ తరవాత నిమ్మకాయా ఉప్పూ. సినిమావాళ్ళు బెల్లం పాకంలో ఎర్రరంగు కలిపి చేసే నెత్తురు చాలా బుద్ధిమంతురాలు, నీళ్ళు తగలగానే దిగిపోయింది. మిగిలింది భుజం దగ్గర అరచేయంత మరక. అది రంగు కాదు, రాజమణి నెత్తురు.

రేపు పొద్దున సినిమా కంపెనీ జీపు వస్తుంది. ఈ చీర కట్టుకుని నేను ఖిల్లా ఎక్కాలి. నా నడుముకు తాడు కట్టి బురుజు మీంచి కిందికి వేలాడదీస్తారు. అలాగని మా ఆయన ప్రకాశం మాట ఇచ్చేశాడు. నన్నడిగి ఇచ్చాడా? మంచం అరువిచ్చేటప్పుడు మంచాన్ని ఎవరైనా అడుగుతారా!

ఇది నా పెళ్ళిచీర. మా కిరస్తానీ ఇళ్ళల్లో పెళ్ళికూతురు కట్టేది తెల్లచీరే. సన్నటి వెండి అంచున్న ఈ పట్టుచీర కోసం మా అమ్మ రామాయంపేటలో దొరల పిల్లల్ని ఎత్తుకుని తిరిగింది, మూడేళ్ళు. పెళ్ళినాడు నా భుజం మీద కొంగు సర్దుతూ, "పెండ్లికోసారి, పెట్టెకోసారి బిడ్డా. నడుమ ఎవ్వరికి ఇయ్యకు" అంది. పెట్టె అంటే సమాధుల తోటకు మోసుకుపోయే పెట్టె. పెళ్ళికి కట్టిన చీరతోనే మమ్మల్ని మట్టిలో పెడతారు. అందుకని నాఫ్తలీను ఉండలు వేసి ట్రంకు అడుగున దాచుకున్నాను. నా సొంతం అని చెప్పుకోవడానికి ఆ ఇంట్లో నాకున్నది అదొక్కటే.

నిరుడు ఎండాకాలం మెదక్ ఖిల్లా మీదికి ఒక దెయ్యం పిక్చరు కంపెనీ వచ్చింది. మా ఆయన బళ్ళో డ్రాయింగు మాస్టరు. ప్రతి క్రిస్మస్ నాటకంలోనూ బాలయేసును చంపించాలని చూసిన హేరోదు రాజు వేషం ఆయనదే. సినిమా అనగానే అన్నం మానేసి ఖిల్లా చుట్టూ తిరిగాడు, చివరికి ఇన్‌స్పెక్టరు వేషం సంపాదించాడు. ఒకటిన్నర డైలాగు. ఆ ఒకటిన్నర నేను పొయ్యి ముందు కూర్చుని వారం రోజులు విన్నాను. నాకిప్పటికీ వచ్చు.

దెయ్యం చీర ముళ్ళకంపకు పట్టుకుని చిరిగిందట. మంచి తెల్లచీర కావాలని మేనేజరు నర్సింగం ఊరంతా అడిగాడు. ఎవరిస్తారు? హిందువుల ఇళ్ళల్లో తెల్లచీర కట్టేది మొగుడు పోయినవాళ్ళు. దెయ్యానికివ్వడానికి వాళ్ళకు చేతులు రాలేదు. అప్పుడు మా ఆయన ఛాతీ విరుచుకుని, "మా ఇంట్ల ఉన్నది, పెండ్లిది, కొత్తదే!" అన్నాడట. నేను బావి దగ్గర నుంచి వచ్చేసరికి ట్రంకు నోరు తెరుచుకుని ఉంది.

"అత్తమ్మా, నా చీరేది?"

"వాడే పట్కవోయిండు. పెండ్లామే వానిదైనంక చీరెవలిదే?"

చెప్పులు కూడా వేసుకోకుండా చీర వెనకాల ఖిల్లా ఎక్కాను. అక్కడ చూశాను, దెయ్యం వేషం కట్టిన రాజమణిని. తెనాలి వైపు మనిషి, ముప్పయ్యేళ్ళు ఉంటాయేమో. ముఖానికి బియ్యప్పిండి, జింకు పౌడరు కలిపి పూశారు. ఎండకు అది పగిలి ఊడుతోంది. అందరూ గుడారం కింద కుర్చీల్లో ఉంటే తను ఎండలో రాతి మీద కూర్చుంది. గుడారంలోకి రాబోతే, "దెయ్యానికి నీడెందుకే" అని నవ్వారట. మూతి చుట్టూ పూసిన బెల్లం నెత్తురుకు చీమలు పట్టాయి. చేత్తో తుడిస్తే మేకప్పు పోతుందని నోటితో ఊదుకుంటోంది. పొద్దుట్నుంచి ఏమీ తినలేదు, కడుపు నిండా తిని తాడుకు వేలాడితే వాంతి అవుతుందట.

"పదకొండు పిక్చర్లు చెల్లీ," అంది నాతో. "పదకొండింట్లోనూ దెయ్యాన్నే. హీరోయిన్ కెవ్వుమంటుంది చూశావూ, ఆ కేక కూడా నాదే. ఆవిడ గొంతు పాడవుతుందని నాచేత అరిపిస్తారు. ఒక్కదాంట్లోనూ నా పేరు వెయ్యలేదు." తరవాత తన ఒంటి మీది చీర అంచు వేళ్ళతో తడిమి, "ఇది ఎవరిదో పెళ్ళిచీరలా ఉందే?" అంది. నాదేనన్నాను. ఆమె గబుక్కున లేచి, మట్టి అంటకుండా కుచ్చెళ్ళు పైకి పట్టుకుంది. ఆ రోజు నా చీరను మనిషి చీరగా చూసింది ఆ దెయ్యం ఒక్కతే.

ఆఖరి షాటు. దెయ్యం తడిసిన చీరతో బురుజు మీంచి గాల్లో దిగాలి. నాలుగు కుండల నీళ్ళు తెచ్చారు. డైరెక్టరు పైకీ కిందికీ చూసి, "లోపలి లంగా విప్పేసి రమ్మను. బట్ట ఒంటికి అంటుకోవాలి" అన్నాడు. రాజమణి చెయ్యనంది. గట్టిగా, అందరికీ వినబడేట్టు అంది. డైరెక్టరు నవ్వి నా వైపు చూపించాడు. "ఆ అమ్మాయిదీ అదే ఎత్తు. జుట్టూ బానే ఉంది. ఏం మాస్టారూ? మీ డైలాగులు పెంచుదాం."

మా ఆయన నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "మొకం కనవడదంటనే. వీపే గదా. ఎవలికెరుక గది నువ్వని?"

పరువంతా ముఖంలోనే ఉంటుంది కాబోలు. ముఖం కనబడకపోతే ఆడదాని ఒళ్ళు ఊరందరిదీ. ఛీ! అయినా నేను కూలిన గోడ వెనక్కి వెళ్ళాను. అవును, వెళ్ళాను. లంగా ముడి మీద చెయ్యి వేశాను కూడా. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. రాజమణి వెనకాలే వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు ముడి విప్పకు. నువ్వీ ఊళ్ళో బతకాలి. నాకు అలవాటేలే." తన లంగా విప్పి నా చేతిలో పెట్టి వెళ్ళింది.

ఎప్పుడూ తాడు బిగించేది ఆ నూలు లంగా మడతల మీద. ఆ రోజు తడిసిన పట్టు మీద బిగించారు. పట్టు జారింది, తాడు చంకల్లోకి ఎగదన్నింది, మనిషి కిందికొచ్చింది. పడేటప్పుడు అరిచిన అలాంటి కేక నేను అంతకుముందెప్పుడూ వినలేదు. కెమెరా ఆగలేదు. "కట్" అనడానికి ఆ డైరెక్టరుకు అంతసేపు ఎందుకు పట్టిందో నాకు డిసెంబరులో తెలిసింది.

భుజం ఎముక విరిగింది, దాని మీది చీర నెత్తురుతో తడిసింది. కంపెనీ నా చీర నాకిచ్చేసి రెండోనాడే సామాను సర్దుకుని పోయింది. రాజమణి దవాఖానలో పంతొమ్మిది రోజులుంది. నేను గంజి, పప్పు తీసుకెళ్ళేదాన్ని. "దెయ్యానికి బువ్వ వట్కపోతున్నది కోడలు" అని అత్త ఎగతాళి చేసేది. ఒకనాడు రాజమణి నవ్వుతూ చెప్పింది: "మద్రాసులో కాస్త డబ్బున్న కంపెనీలైతే ఇలాంటివి మగాళ్ళకు చీర కట్టి, సవరం పెట్టి చేయిస్తాయి. మా కంపెనీకి మగాడి ఎముక ఖరీదు ఎక్కువ." నేను కూడా నవ్వాను, ఏడుపొచ్చేదాకా. వెళ్ళేరోజు ఆమె చెయ్యి భుజం దాటి లేవలేదు.

డిసెంబరులో పిక్చరు మెదక్‌కు వచ్చింది. మ్యాట్నీకి మా ఆయన బడి పంతుళ్ళందరినీ పిలుచుకొచ్చాడు. టైటిల్సులో ఆయన పేరు పడింది, చప్పట్లు కొట్టారు. రాజమణి పేరు కోసం కళ్ళు చిట్లించుకుని చూశాను. లేదు. తరవాత ఆ పడే సీను వచ్చింది. ఉంచేశారు! ఆమె పడడం, ఆ కేక, నా చీర, అన్నీ ఉంచేశారు. నేల క్లాసులో ఈలలు. మా ఆయన మోచేత్తో పొడిచి, "జూసినవా, మస్తు వచ్చింది గదా సీను!" అన్నాడు.

ఆ సీనుకు పేరొచ్చిందట. అందుకే కంపెనీ మళ్ళీ అదే ఖిల్లాకు, అలాంటి సీను కోసమే వస్తోంది. రాజమణి చెయ్యి లేవదు కనుక, "మీ ఇంట్ల ఆమెను తోలుకరాండ్రి, మీకు డాక్టరు వేషం" అని నర్సింగం ఉత్తరం రాశాడు. మొన్న అన్నం దగ్గర మా ఆయన సంబరంగా చదివి వినిపించాడు. అత్త మజ్జిగ పోస్తూ, "తాడు గట్టిగుంటదా రా?" అంది. "నీకెందుకమ్మా పరేషాను" అన్నాడు ఆయన. నేను లేచి వెళ్ళి ట్రంకు తెరిచాను.

అత్త మాట విన్నాక ఇక ఆ మరకను రుద్దడం మానేశాను. గంజి పెట్టి, ఆరేసి, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో ఒక్క ముడత లేకుండా చేశాను. మరక పైకి కనబడేట్టు మడత పెట్టాను.

తెల్లారి జీపు వాకిట్లో ఆగింది. మా ఆయన మెడలో స్టెతస్కోపు వేసుకుని అప్పటికే తయారు. నర్సింగం దిగి, "ఏం వదినా, తయారేనా? చీర తెచ్చినవా?" అన్నాడు. చీర తీసుకోవడానికి చేతులు చాపాడు. నేను అతన్ని దాటి వెళ్ళి మా ఆయన రెండు చేతుల్లో దాన్ని పెట్టాను.

"నర్సింగమన్నా, మద్రాసుల గిసొంటివి మొగోళ్ళకే చీర గట్టి చేపిస్తరంట గదా?"

"చేపిస్తరు వదినా, గని..."

"మా సారు నా ఎత్తే. నడుము నాకన్న సన్నం."

అత్త చేతిలో చేట ఆగిపోయింది. మా ఆయన ఒకసారి చీరకేసి, ఒకసారి ఆ మరకకేసి చూశాడు. "ఏందే గిది? మతిగిట్ల వోయిందా? నేనెట్ల..."

"గట్లనే. లోపల లంగా అక్కెర లేదు, నీళ్ళు వాళ్ళే పోస్తరు," అన్నాను. "మొకం కనవడదు, వీపే గదా. కట్టుకోండ్రి."