ఫోను పక్కన గోడకి దిండు

పిల్లలూ, ఈ కథ మీకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్ళంతా ఒకచోట, మీరొకచోట అయిపోయారు. మీకు తెలిసిన ఫోన్లు జేబులో పడుకుంటాయి, ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికి వస్తాయి, ఏం చెప్పినా ఊరుకుంటాయి. ఈ కథలో ఫోను అలాంటిది కాదు. హాల్లో గోడ పక్కన చిన్న బల్ల మీద నల్లగా, బరువుగా కూర్చునేది. నంబరు కావాలంటే వేలు పెట్టి చక్రం తిప్పాలి. ఫోనుకీ రిసీవర్‌కీ మధ్య మెలికలు తిరిగిన వైరు. నిజం చెప్తే ఆ వైరు సాగేది. అబద్ధం చెప్తే ముడుచుకునేది.

అంతే. దాని గురించి ఆ ఇంట్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. కుళాయి నీళ్ళు పొద్దున్న ఆరింటికి వచ్చి ఎనిమిదింటికి ఆగిపోయేవి, వానాకాలంలో వెనక తలుపు బిగుసుకునేది, ఫోను వైరు అబద్ధానికి ముడుచుకునేది. ఇల్లన్నాక సర్దుకోవాలి.

సర్దుకోవడానికే ఫోను పక్కన గోడకి, సరిగ్గా చెంప తగిలే ఎత్తులో, ఒక దిండు కొట్టి ఉండేది. దాన్ని కుట్టింది పళ్ళత్త వాళ్ళ అన్నయ్య; పళ్ళత్త ఎవరో కాసేపట్లో చెప్తాను. ఆయన సోఫాలు చేసేవాడు. మనిషి మంచివాడే, పనీ మంచిదే, చెప్పిన తారీఖు ఒక్కటే మంచిది కాదు.

"సార్, మీ సోఫా అయిపోయినట్టే. బొత్తాలు కుట్టడం ఒక్కటే మిగిలింది" అనేవాడు. ఆ సోఫాకి చెక్క ఇంకా కోత మిల్లులోనే ఉండేది. వైరు సర్రున ముడుచుకునేది. చెంప వెళ్ళి దిండుకి 'డబ్' మని తగిలేది.

"ఆ చప్పుడేంటండీ?" అని అవతలి నుంచి అడిగేవారు.

"పని జరుగుతోంది సార్."

డబ్.

ఆరితేరినవాడు కాబట్టి ఆయన ముందే బల్ల దగ్గరికి జరిగి, చెంప దిండుకి ఆనించి, అప్పుడు మొదలుపెట్టేవాడు. అబద్ధం దగ్గర నుంచి చెప్తే దెబ్బ తగలదని ఆయన సిద్ధాంతం. వాళ్ళమ్మ కూడా అంతే. చెల్లెలు ఫోన్ చేసినప్పుడు "ఇప్పుడే నీకే చేద్దామనుకుంటున్నానే" అనే ముందు, కళ్ళద్దాలు తీసి జాగ్రత్తగా బల్ల మీద పెట్టేది. వదిన మాత్రం దిండు జోలికి పోయేది కాదు. అన్నయ్యకి ఫోనొస్తే "ముందు గడప దాటండి" అని ఆయన్ని వాకిట్లోకి తోసి, "ఆయన ఇంట్లో లేరండీ" అనేది. వైరు అరంగుళం కూడా కదిలేది కాదు.

ఇక పళ్ళత్త. ఈ కథ ఆవిడదే. ఆ ఇంటి ఆడపడుచు, ముప్ఫై ఆరేళ్ళ మనిషి. డాబా మీద గదిలో కూర్చుని పళ్ళ డాక్టర్లకి కట్టుడు పళ్ళు చేసిచ్చేది. మేనకోడలు చిట్టి మాటలు వచ్చీరాని వయసులో పెట్టిన పేరు వీధి మొత్తానికీ అంటుకుంది. దిండు అవసరం ఆవిడకి ఎప్పుడూ పడలేదు. అదేదో గొప్ప గుణమని కాదు. పన్ను వెంట్రుకవాసి ఎత్తు పెరిగినా పెట్టుకున్న మనిషి నమల్లేడు. 'చూద్దాం, సర్దుకుంటుందిలే' అనే మాట ఆ పనిలో చెల్లదు. అందుకని ఫోన్లో కూడా, "రంగు కుదర్లేదు డాక్టర్ గారూ, మళ్ళీ చేస్తున్నాను. శుక్రవారం అవదు, సోమవారం" అని ఉన్నదున్నట్టు చెప్పేసేది. ఆ మాటలకి వైరు సాగి సాగి, హాలు దాటి, పద్నాలుగు మెట్లెక్కి, డాబా మీద గదిలోకి వచ్చేసేది. ఆవిడ రిసీవర్‌ని చెంపకీ భుజానికీ మధ్య ఇరికించుకుని, రెండు చేతులతో పళ్ళు అరగదీస్తూ మాట్లాడేది.

మెట్ల పొడవునా వేలాడే ఆ వైరు మీద అమ్మ జేబురుమాళ్ళు ఆరేసేది. "ఇంకో నాలుగు నిజాలు మాట్లాడవే, దుప్పటొకటి మిగిలిపోయింది" అని కింద నుంచి కేకేసేది.

పళ్ళత్తకి దిండంటే చిన్నచూపు. "అందరూ చెంపలు అరగదీసుకుంటున్నారు, మాట మార్చుకోరు" అనేది.

"నీకేమమ్మా!" అనేవాడు అన్నయ్య. "నీ గిరాకీ అంతా నోరు తెరుచుకుని కూర్చునేవాళ్ళే. ఎదురు మాట్లాడరు."

ఒక వానాకాలం ఫోన్లో గరగర మొదలైంది. లైన్‌మన్ వచ్చాడు. పొడుగ్గా, సన్నగా, తను మోసుకొచ్చిన నిచ్చెనకి తమ్ముడిలా ఉన్నాడు. కనిపించిందల్లా చిన్న నోటుబుక్కులో రాసుకునే అలవాటు. తడిసిన తీగ మార్చాడు, తర్వాత వైరు కొలిచి, "ఏదో ఒకటి మాట్లాడండి" అని అన్నయ్యకి రిసీవర్ ఇచ్చాడు.

"చెప్పిన టైముకి సోఫా ఇస్తాను" అన్నాడు అన్నయ్య.

డబ్. లైన్‌మన్ రాసుకున్నాడు. రిసీవర్ పళ్ళత్తకి ఇచ్చాడు. ఆవిడ అతని మొహంలోకి పరీక్షగా చూసి, "మీ పై వరసలో ఎడమవైపు రెండో పన్ను వంకర" అంది.

వైరు రెండడుగులు సాగింది. లైన్‌మన్ నోరు మూసుకున్నాడు. "నిజమే" అన్నాడు, అదీ రాసుకున్నాడు. చివర్న 'ఫోను బాగానే ఉంది, లోపం మాట్లాడేవాళ్ళలో ఉంది' అని రాసి అన్నయ్య చేత సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు.

బాగుచేసిన లైనుని వారం తర్వాత ఒకసారి పరీక్షించాలని వాళ్ళ ఆఫీసు రూలు. లైన్‌మన్ గురువారం నాలుగింటికి పరీక్షించాడు. ఆ పై గురువారమూ పరీక్షించాడు. అలా పదకొండు నెలలు పరీక్షించాడు.

"హలో, టెస్టింగ్. వినిపిస్తోందా?"

"వినిపిస్తోంది. ఎక్కడి నుంచి?"

"పోస్టాఫీసు ఎదురుగా స్తంభం మీద నుంచి. గాలి బాగుంది. మీరేం చేస్తున్నారు?"

"కింది దవడ. ఎవరో పెద్దాయనది. బాగా నవ్వే మనిషిలా ఉన్నారు."

"దవడ చూస్తే తెలిసిపోతుందా?"

"డాక్టర్ గారు చెప్పారు."

వైరు ఇంకాస్త సాగేది. గురువారం సాయంత్రాలు అమ్మ దుప్పట్లు కూడా ఆరేసుకునేది. వదిన వంటింట్లోంచి, "ఎంత పాడైపోయిన లైనైతే మాత్రం, ఇన్ని పరీక్షలా!" అని గిన్నెలతో అన్నట్టు అనేది.

ఒక గురువారం అతని గొంతు స్తంభం మీద నుంచి కాక బావిలోంచి వచ్చినట్టు వచ్చింది.

"దూరంగా కొండ మీద కొత్త ఎక్స్ఛేంజి పెడుతున్నారు. నన్ను ఇన్‌చార్జిగా వేశారు. కుర్చీ, బల్ల, కిటికీ ఉంటాయట. ఐదేళ్ళు."

"మంచిదే కదా" అంది పళ్ళత్త. మంచిదే కాబట్టి వైరు ఏమీ అనలేదు.

"శనివారం నాలుగింటికి బస్సు. వద్దనుకుంటే ఆలోపు ఆఫీసులో కాగితం ఇవ్వాలట. శనివారం మధ్యాహ్నం ఒకసారి టెస్ట్ చేస్తాను."

శుక్రవారమంతా పళ్ళత్త ఆలోచించింది. పదిహేనేళ్ళుగా ఎండలో వానలో స్తంభాలెక్కుతున్న మనిషి. ఇప్పుడు కుర్చీ వచ్చింది. వెళ్ళొద్దంటే ఆగిపోతాడు, అలాంటివాడే. కానీ రేపెప్పుడో జోరువానలో స్తంభం మీద నిలబడి, ఆ కుర్చీ గుర్తు చేసుకుంటాడు. దాన్ని లాగేసిన మనిషి తనవుతుంది. వెళ్తే మటుకు గురువారం నాలుగు గంటలు అనేది ఇక మామూలు నాలుగు గంటలైపోతుంది. ఆ ఆలోచనలో ఆవిడ కుడివైపు పన్ను తీసుకెళ్ళి ఎడమవైపు అతికించింది. ఆవిడ చేతిలో అలాంటిది ఎప్పుడూ జరగలేదు. సాయంత్రానికి నిశ్చయించుకుంది: నవ్వుతూ వెళ్ళమని చెప్పాలి.

శనివారం మూడింటికి ఫోను మోగింది. ఇంట్లో అందరికీ ఒక్కసారిగా పక్క గదిలో పనులు గుర్తొచ్చాయి. తలుపులు మాత్రం ఎవరూ వేసుకోలేదు. వాళ్ళ చెవుల ముందు ఆ మాట అనలేక, పళ్ళత్త రిసీవర్ పట్టుకుని మెట్ల వైపు నడిచింది. వైరు చాలాలి కాబట్టి ఒక్కో నిజం చెప్తూ ఎక్కింది.

"ఎండ బాగా ఉంది." మూడు మెట్లు.

"చిట్టికి ముందు పన్ను ఊడింది." మరో నాలుగు.

"నిన్న నేనొక పన్ను తప్పుగా పెట్టాను." ఆ మాటకి వైరు ఎంత సాగిందంటే, ఏకంగా డాబా చివర నీళ్ళ ట్యాంకు దాకా వచ్చేసింది.

అవతల బస్టాండు హోరు. అందులోంచి అతను అడిగాడు. "నేను వెళ్తే మీకేమైనా ఇబ్బందా?"

"నాకేం ఇబ్బంది? నిశ్చింతగా వెళ్ళండి" అంది పళ్ళత్త.

అలవాటు లేని పని కదా. అబద్ధం చెప్పేముందు గోడ దగ్గరికి జరగాలన్న సంగతి ఆ ఇంట్లో ఏడేళ్ళ చిట్టికి కూడా తెలుసు. పళ్ళత్తకి తట్టలేదు. వైరు ట్యాంకు దగ్గర నుంచి లాగింది. ఆవిడ డాబా మీద పరిగెత్తింది, మెట్ల మీద తప తప తప మని పద్నాలుగు సార్లు చెప్పులు మోగాయి, జేబురుమాళ్ళు పావురాల్లా లేచాయి, మలుపులో బకెట్టు దొర్లింది, హాల్లో ఆవిడ బొత్తాల్లేని సోఫా ఒకటి ఎక్కి దిగింది, చెంప వెళ్ళి దిండుకి తగిలింది. ఆ డబ్ మాత్రం వేరు. దిండు కుట్లు పిగిలి దూది గదంతా ఎగిరింది.

రిసీవర్ వదిలెయ్యొచ్చుగా అని మీరు అడుగుతారు. చిట్టి కూడా అడిగింది. అవతలి మనిషి నమ్మేదాకా రిసీవర్ వదలబుద్ధి కాదు, అదీ సంగతి.

"ఓసి పిచ్చిదానా!" అంటూ అన్నయ్య పరిగెత్తుకొచ్చాడు. "మొదటి అబద్ధం డాబా మీద నుంచా చెప్తారు! మమ్మల్ని ఒక్కమాట అడగొద్దటే!"

"అరవకండి, లైన్లో ఉన్నారు" అంది వదిన.

"హలో?" అంటోంది రిసీవర్. "హలో? ఆ చప్పుడేంటి?"

పళ్ళత్త నోట్లోని దూది తీసేసి, "పని జరుగుతోంది" అంది.

ముడుచుకోవడానికి వైరు ఇక మిగల్లేదు. ఆవిడ చేతిని లాక్కెళ్ళి రిసీవర్‌ని ఫోను మీద పెట్టేసింది. లైను కట్టయింది.

మళ్ళీ మోగలేదు. పళ్ళత్త సోఫాలో కూర్చుంది. చెంప ఎర్రగా కందింది. అమ్మ తడిగుడ్డ తెచ్చి అద్దింది. అన్నయ్య కిందకి వంగి దూది ఏరుతూ, ఆ రోజు ఫోన్ చెయ్యాల్సిన నలుగురికీ చెయ్యలేదు. గోడ గడియారం నాలుగు కొట్టింది.

"అత్తా, బస్సు వెళ్ళిపోయిందా?" అంది చిట్టి.

"వెళ్ళిపోయి ఉంటుంది" అంది పళ్ళత్త. ఆ మాట రిసీవర్ పట్టుకోకుండానే అంది, అయినా నిజమే.

నాలుగుంపావుకి గేటుకి నిచ్చెన తగిలిన చప్పుడైంది. గుమ్మంలో లైన్‌మన్. ఒక భుజానికి పనిముట్ల సంచీ, ఇంకో చేతిలో ప్రయాణానికి సర్దుకున్న పెట్టె.

"ఈ ఫోను మీద కంప్లయింట్ వచ్చింది" అన్నాడు.

"ఎవరిచ్చారు?" అంది వదిన.

"నేనే." నోటుబుక్కు తీశాడు. "పద్నాలుగు మెట్లు, ఒక మలుపు, ఒక బకెట్టు. లైన్లో లెక్కపెట్టాను. అంత దూరం నుంచి లాక్కొచ్చిన అబద్ధం నా సర్వీసులో చూడలేదు. బస్సు వెళ్ళిపోయింది. మూడున్నరకే ఆఫీసులో కాగితం ఇచ్చేశాను."

పళ్ళత్త ఏం భయపడిందో అదే జరిగింది. లేచి వెళ్ళి రిసీవర్ ఎత్తి అతని చేతిలో పెట్టింది. "ఇది పట్టుకుని చెప్పండి. ఆ కుర్చీ మీకు వద్దా?"

లైన్‌మన్ ఒకసారి చిరిగిన దిండు వంక చూశాడు. పద్ధతి తెలిసినవాడే, అయినా గోడ దగ్గరికి జరగలేదు. "కూర్చుంటే నాకు నడుం నొప్పి. స్తంభం మీద గాలి బాగుంటుంది. గురువారం ఇంకా బాగుంటుంది" అన్నాడు.

వైరు ముడుచుకోలేదు. బల్ల మీద నుంచి ఒక మెలిక కిందకి జారింది.

అప్పుడు పళ్ళత్త అతని చేతిలోంచి రిసీవర్ తీసుకుంది. ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడటానికి రిసీవర్ ఎందుకని ఎవరూ అడగలేదు. అతనికి కనబడేలా పట్టుకుని అంది. "వెళ్ళొద్దు. మీరు వెళ్తే నాకు చాలా ఇబ్బంది."

వైరు మెలిక మెలికగా విచ్చుకుంటూ నేల మీదకి దిగింది. అతని బూట్ల పక్క నుంచి గుమ్మం దాటింది, వాకిలి దాటింది, గేటు కింద నుంచి వీధిలోకి వెళ్ళి, ఇంకా వెళ్తూనే ఉంది. ముందు తేరుకుంది అమ్మే.

"చిట్టీ, దుప్పట్లన్నీ తీసుకురావే" అంది.

వాళ్ళిద్దరూ ఆ వీధి చివరే కాపురం పెట్టారు. లైన్‌మన్ వంకర పన్ను అలాగే ఉండిపోయింది. ఎంతమంది డాక్టర్లు చెప్పినా దాన్ని సరిచేయించడానికి పళ్ళత్త ఒప్పుకోలేదు. అన్నయ్య కొత్త దిండు కుట్టాడు, పాతదానికంటే మందంగా.

ఇదీ కథ. మీకు పిల్లలు పుడితే వాళ్ళకీ చెప్పండి, పుట్టకపోతే పక్కింటివాళ్ళకైనా చెప్పండి. మెట్లు పద్నాలుగే. కథ బాగుంటుందని పదిహేను చెయ్యకండి. ఒకవేళ చేసి, అదీ ఫోన్లో చెప్తుంటే మాత్రం, ముందు గోడ దగ్గరికి జరగండి.