చూడకుండా పెట్టిన పచ్చ

మధ్యాహ్నం రెండు దాటిన పది నిమిషాలకు కోడు వచ్చింది. బుధవారం పొద్దున రావలసింది గురువారం భోజనాల వేళ దాటాక వచ్చింది. మొత్తం తొమ్మిది కార్డులు, అంటే తొమ్మిది పనులు. ఐదింటికి సమావేశం. వాటిని పరీక్షించాల్సిన ఆవిడ టిఫిన్ డబ్బా మూత సగం తీసి, మళ్లీ బిగించేసింది.

"పచ్చక్కా, ఏమనుకోకు. చివర్లో ఒకటి ఇరుక్కుపోయింది," అన్నాడు కోడు రాసే పొడుగాయన, తల గోక్కుంటూ.

"అనుకోడానికి టైమెక్కడిదయ్యా? పక్కకి జరుగు."

ఆ ఆఫీసులో తయారయ్యేది ఆస్పత్రి పంపులకు ప్రోగ్రాము. రోగి నరంలోకి మందును చుక్కచుక్కగా పంపే పంపు అది. అలాంటిదొకటి ఆవిడ బల్ల మీద ఉంది. పైన నీళ్ల సీసా, కింద కొలత గ్లాసు, మధ్యలో సన్నటి గొట్టం. ప్రోగ్రాములో తప్పుంటే రోగి దగ్గరికి చేరకముందే పట్టుకోవడం ఆవిడ పని.

పనంతా రెండేసి వారాల స్ప్రింట్లుగా నడుస్తుంది. స్ప్రింటుకు పది పనిదినాలు. అందులో ఎనిమిది రోజులు కోడు రాసేవాళ్లవి, చివరి రెండూ ఆవిడవి. ముందువాళ్ల ఆలస్యాలన్నీ ఆ రెండు రోజుల్లోంచే కోస్తారు. ఈసారి కోతలన్నీ పోగా రెండు గంటల యాభై నిమిషాలు మిగిలింది. దీన్నే వాళ్లు వేగం అంటారు. ఆ వేగం ఎవరి నెత్తి మీద నుంచి పోతోందో అడిగిన పాపాన పోయినవాడు లేడు.

ఆవిడ అడగకపోలేదు. "మొదటి రోజు నుంచే నన్ను పక్కన కూర్చోబెట్టుకోండి. ఏ ముక్క తయారైతే ఆ ముక్క చూసేస్తాను," అని ఆరు నెలల కిందట టీమ్ లీడ్‌తో అంది. ఎదుటివాళ్ల మొహం కన్నా చేతి గడియారాన్నే ఎక్కువ చూస్తాడని ఆయనకు గడియారం అనే పేరుంది.

"వంట కాకముందే వడ్డించమంటావేంటమ్మా?" అని నవ్వాడాయన.

"వడ్డించమనట్లేదండీ. ఉప్పు వేసినప్పుడే రుచి చూద్దామంటున్నా."

అందరూ నవ్వారు. నవ్వేసి ఎవరి కుర్చీల్లోకి వాళ్లు పోయారు. పద్ధతి మాత్రం మారలేదు.

పైగా అక్కడొక ఆచారం ఉంది. గోడకున్న బోర్డు మీద ఒక్కో పనికి ఒక్కో కార్డు. తప్పు దొరికితే ఎర్ర రంగు, బాగుంటే పచ్చ. గురువారం సాయంత్రం ఐదు కొట్టేసరికి ఎర్రగా లేనివన్నీ పచ్చవే. తప్పుందని తేలలేదు కాబట్టి బాగున్నట్టే లెక్క. చూడటానికి టైము చాలనివి కూడా ఆ లెక్కలోనే కలిసిపోతాయి. కార్డు అడుగున 'చూసినవారు' అని ఒక గడి ఉంటుంది. చూసినా చూడకపోయినా అందులో పడేది ఆవిడ పేరే. పచ్చక్క అనే ముద్దుపేరు అలా వచ్చింది. మొదట్లో ఆవిడ కూడా నవ్వుకుంది.

ఆవిడ ఏజెన్సీ తరఫున వచ్చిన మనిషి. పక్క కుర్చీవాళ్ల జీతంలో మూడో వంతు ఆవిడ చేతికొస్తుంది. మూడు నెలలకొకసారి ఒప్పందం కాగితం పొడిగిస్తేనే ఉద్యోగం. పోయినేడు ఇదే పని చేసిన ఇంకొకావిడ ఒక కార్డును వరుసగా రెండు స్ప్రింట్లు ఎర్రగానే ఉంచింది. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. కాగితం మాత్రం పొడిగించలేదు. ఆ ఖాళీలోనే ఈవిడ చేరింది.

మూడుంపావుకల్లా నాలుగు కార్డులు పూర్తయ్యాయి. ఐదోది చిన్నదే. ప్లగ్గు తీస్తే పంపు బ్యాటరీ మీదికి మారుతుంది. అప్పుడొక కొత్త బెల్లు మోగాలి. ఆవిడకొక అలవాటుంది, ఎప్పుడూ ఒకరి తర్వాత ఒకరుగా ఇద్దరు ఉత్తుత్తి రోగుల్ని పెట్టి చూస్తుంది. మొదటి రోగికి గంటకు నలభై మిల్లీలీటర్లు పెట్టి నడిపింది. తర్వాత రెండో రోగిని ఎక్కించి నాలుగు పెట్టింది. ముప్పావు నిమిషానికొక చుక్క పడుతోంది. ప్లగ్గు పీకింది. బెల్లు చక్కగా మోగింది.

పచ్చ పెట్టబోతూ గ్లాసు వైపు చూసింది. టప్, టప్, టప్. నాలుగైదు సెకన్లకొక చుక్క పడుతోంది.

పంపు తెర మీద నాలుగు అనే ఉంది. గొట్టంలో పోతున్నది నలభై.

ఆవిడ మళ్లీ మొదటి నుంచి చేసింది. మళ్లీ అంతే. మూడోసారి అంకెలు మార్చి చేసింది. ప్లగ్గు తియ్యగానే పంపు పాత రోగి వేగానికి పోతోంది. తెర మాత్రం కొత్త రోగి అంకెను అమాయకంగా చూపిస్తోంది. బెల్లు బ్యాటరీ గురించి మోగుతుంది గానీ దీని గురించి కాదు.

ప్లగ్గు తీసినా వేగం మారకూడదు అనేది ఈ స్ప్రింటు పని కాదు, కిందటి స్ప్రింటుది. ఆవిడ పాత కార్డు తెరిచింది. పచ్చగా ఉంది. చూసినవారు గడిలో తన పేరే ఉంది.

గుర్తొచ్చింది. ఆ గురువారం ఐదుకు పది నిమిషాలు తక్కువగా ఆ ఒక్క కార్డే మిగిలింది. గడియారం వెనకాల నిలబడి, "ఒక్కటేగా అమ్మా, కానిచ్చెయ్," అన్నాడు. సోమవారం పొద్దున్నే మొట్టమొదట ఇదే చూద్దామనుకుని పచ్చ పెట్టింది. సోమవారం దాని పని అది తెచ్చుకుంది. ఇది మరుగున పడిపోయింది.

ఆ ప్రోగ్రామే ఈ సోమవారం ఒక ఆస్పత్రి వార్డులో పన్నెండు పంపుల్లోకి ఎక్కింది. ఇవాళ్టికి నాలుగు రోజులు. అక్కడెవరో పడుకుని ఉన్నారు. వాళ్ల నరంలో ఆ గొట్టం ఉంది.

పొడుగాయన్ని పిలిచి చూపించింది. అతను వంగి చుక్కలు లెక్కపెట్టాడు.

"నేను ఒక్క రోగితోనే చూసుకున్నానక్కా," అన్నాడు గొంతు తగ్గించి. "పాత అంకె, కొత్త అంకె ఒకటే అయ్యేసరికి తేడా తెలీలేదు."

"వార్డులో పొద్దుటి నుంచి ఎంతమంది మారుతుంటారయ్యా ఒక్కో పంపుకి?"

"అక్కా, గట్టిగా అనకు. నాకు ఈ నెలే పర్మనెంట్ చేస్తామన్నారు. మెల్లగా సరిచేసేస్తా. వచ్చే స్ప్రింట్లో కార్డు రాసుకుందాం."

"వచ్చే స్ప్రింటంటే రెండు వారాలు."

అతను తన కుర్చీ దగ్గరికి వెళ్లిపోయాడు.

మెట్ల దగ్గరికి పోయి భర్తకు ఫోను చేసింది. ఆయన పనిచేసే ప్రింటింగు ప్రెస్సు మూతపడి ఏడు నెలలైంది. విషయమంతా ఆయన విన్నాడు.

"నువ్వొక్కదానివే చూశావా? ఇంకెవరికైనా తెలుసా?"

"రాసినతనికి తెలుసు."

"మరి పచ్చ పెట్టింది నువ్వేనని చెప్తే నీ మీదకే వస్తుంది కదే. కాగితం ఎప్పటిదాకా ఉంది?"

"ఈ నెలాఖరు."

"నీ ఇష్టం మరి," అన్నాడాయన.

నీ ఇష్టం అంటే వద్దని అర్థం. పద్దెనిమిదేళ్ల కాపురంలో ఆ మాత్రం తెలీకపోదు. ఆవిడ గోడకు ఆనుకుని నిలబడింది. చెప్తే ఇల్లెలా గడుస్తుందోనని భయం. చెప్పకపోతే ఇంకెవరి ఇల్లు కూలుతుందోనని భయం. నాలుగున్నర అయింది.

ఆవిడ వెళ్లి చెప్తుంటే గడియారం అంతా విన్నాడు. ఈసారి చేతికేసి చూసుకోలేదు.

"ఆస్పత్రికి జనరేటరు ఉంటుందమ్మా. కరెంటు ఎన్నిసార్లు పోతుంది?"

"ఒక్కసారి చాలండీ. కరెంటు పోనక్కర్లేదు, ప్లగ్గు తీసినా అంతే."

"పోయినసారి దీనికి పచ్చ పెట్టిందెవరు?"

"నేనే."

"చూశావా?"

"చూడలేదు. పది నిమిషాల్లో అయ్యేది కాదు. మీరు వెనకాలే నిలబడ్డారు."

ఆయన చేతిలో టీ కప్పు తొణికింది. ఆయనా భయపడుతున్నాడని ఆవిడకు అప్పుడు అర్థమైంది. ఆ భయం చూసి ధైర్యం రాలేదు సరికదా, ఉన్నది కూడా జారిపోయింది.

"ఆ మాట ఇంకెక్కడా అనకు. నీ మంచికే చెప్తున్నా," అన్నాడాయన నెమ్మదిగా. "ఇవాళ తొమ్మిదీ పచ్చ చూపిద్దాం. రేపు పైవాళ్లతో నేను మాట్లాడతా. ఆస్పత్రికి ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో వాళ్లు చూసుకుంటారు. ఇలాంటివి పద్ధతి ప్రకారం పోవాలి."

"ఎన్ని రోజులు పడుతుంది?"

ఆయన సమావేశం గదిలోకి నడిచాడు.

ఐదు కొట్టింది. అందరూ బోర్డు ముందు నిలబడ్డారు. కూర్చుంటే మాటలు సాగుతాయని ఆ సమావేశం నిలబడే జరుపుతారు. పక్కన పెద్ద తెర మీద ఆస్పత్రి వార్డు ఇన్‌ఛార్జి నర్సు కనబడుతోంది. రెండు వారాలకోసారి తయారైన పని ఆ నర్సుకు చూపించి సరే అనిపించుకుంటారు. వెనకాల మంచాలు మసగ్గా కనిపిస్తున్నాయి.

గడియారం కార్డులు చదవడం మొదలుపెట్టాడు. "ఒకటోది, పచ్చ. రెండోది, పచ్చ." ఆయన గొంతు ఎప్పటిలాగే ఉంది. నాలుగయ్యాయి. "ఐదోది, పచ్చ."

"దానికి నా పేరు రాయొద్దండీ," అంది ఆవిడ.

అందరూ ఇటు తిరిగారు. పొడుగాయన కళ్లు మూసుకున్నాడు.

"అమ్మా, తర్వాత మాట్లాడదాం," అన్నాడు గడియారం.

"తర్వాత కాదు. ఏ కార్డు మీదా రాయొద్దు. సగం నేను చూడనే లేదు." బల్ల అంచు పట్టుకుంది. తెర వైపు తిరిగింది. "సిస్టర్‌గారూ, మీ పన్నెండు పంపుల్లో ఇప్పుడెన్ని నడుస్తున్నాయి?"

"ఎనిమిది. ఏం?"

"ప్లగ్గు తీస్తే ముందు రోగికి పెట్టిన వేగంతో మందు పోతోంది. తెర మీద మాత్రం సరిగ్గానే కనిపిస్తుంది. దాన్ని నమ్మకండి. పోయినసారి నేను చూడకుండానే బాగుందని సంతకం పెట్టాను. తప్పు నాది. దయచేసి ఒక్కటి కూడా ప్లగ్గు తియ్యకండి. ముందు గొట్టాలు బిగించేసి, పంపులు తప్పించి, చేత్తో చుక్కలు సరిచేసి పెట్టండి. ఇప్పుడే."

నర్సు ఒక్క క్షణం ఆవిడ మొహంలోకి చూసింది. వెనక్కి తిరిగి ఎవరినో కేకేసి మంచాల వైపు పరుగెత్తింది. తెర మీద కుర్చీ మిగిలింది.

గడియారం ఫోను బల్ల మీద మోగి మోగి ఆగిపోయింది. అవతల నుంచి గొంతులు వినిపిస్తున్నాయి.

"మూడోది తీసేశా!"

"నాలుగు!"

ఆవిడ పెదవులు కదుపుతూ లెక్కపెడుతోంది. ఐదు. ఆరు. చాలాసేపటికి ఏడు. తర్వాత ఏ మాటా లేదు. నర్సు ఆయాసపడుతూ మళ్లీ తెర ముందుకొచ్చింది.

"ఎనిమిదో మంచం ఆయన ఇక్కడ లేడమ్మా. పది నిమిషాల కిందట స్కానింగుకి తీసుకెళ్లారు."

"పంపుతోనేనా?"

"పంపుతోనే. ప్లగ్గు తీసి, మంచంతో పాటు..."

మాట పూర్తి కాలేదు. నర్సు అప్పటికే పరుగెత్తుతోంది. వరండాలో చెప్పుల చప్పుడు దూరమవుతూ పోయింది.

గడియారం రిమోట్ చేతిలోకి తీసుకున్నాడు. "ఇక కట్ చేద్దాం. పైవాళ్లకి చెప్పాలి," అన్నాడు.

ఆవిడ చెయ్యి చాచి ఆ రిమోట్ లాగేసుకుంది.

"కట్ చెయ్యనివ్వను," అంది. "ఎవరూ బయటికి పోవద్దు. ఆయనకేమైందో విని పోదాం."