బండి లేకుండా మోగిన గంట

నేను ఒక రైలు పట్టా ముక్కను. బూరగవలస మీదుగా లైను వేసినప్పుడు మిగిలిపోతే, పారేయడానికి మనసొప్పక స్టేషను ముందు కొక్కేనికి వేలాడదీశారు. సుత్తితో కొడితే ఖంగుమన్నాను. అలా నాకు గంట ఉద్యోగం దొరికింది.

బండి వస్తోందని నేను మోగితే చాలు, ఊళ్లో పెరుగమ్మేవాళ్లు కుండలు నెత్తికెత్తుకునేవారు, బడిపంతులు హాజరు పిలిచేవాడు, కలుపు తీసేవాళ్లు అంబలి కుండ దగ్గరికి చేరేవారు. బండి ఆలస్యమైతే ఊరంతా ఆలస్యమే. అందరూ కలిసి ఆలస్యమైతే ఇక అడిగేవాడెవడు?

నన్ను కొట్టేది పోర్టరు పైడయ్య. అతని కూతురు సింహాలుకు పెళ్లి కుదిరింది. పురోహితుడు సోమయాజులుగారి గడియారం ఎప్పుడో మూలపడింది. "లగ్నం సరిగ్గా పొద్దుటి బండి వేళకే ఉంది. గంట మోగగానే తాళి కట్టిద్దాం" అన్నారాయన. ఊరంతా సబబేనంది.

తీరా పెళ్లినాడు ఆ బండే రాలేదు. వెనక స్టేషనులో ఇంజను మొరాయించింది. పైడయ్యకు బదులుగా డ్యూటీకి రావలసిన మనిషి కూడా అందులోనే ఉన్నాడు. పొలాల అవతల పెళ్లిపందిరి కనిపిస్తోంది, లగ్నం దాటిపోతోంది, కన్నతండ్రేమో ఇక్కడ సుత్తి పట్టుకుని నిలబడ్డాడు.

"బండి నేకుండా గంటెలా కొట్టీది బాబూ? కొట్టకపోతే నా గుంట పెళ్లేటైపోతాది?" అన్నాడు పైడయ్య, స్టేషను మాస్టరు వైకుంఠరావుగారితో.

ఆయన రూల్సు మనిషి. తుమ్మాలన్నా రూలు పుస్తకం తిరగేస్తారని ఊళ్లో చెప్పుకునేవారు. అటువంటాయన పైడయ్య చేతిలోంచి సుత్తి లాక్కున్నారు.

"వెయ్యి అబద్ధాలాడైనా ఓ పెళ్లి చేయమన్నారు. నేనాడేది ఒక్కటే. పరుగెత్తు పైడయ్యా! నువ్వు పందిట్లో అడుగుపెట్టాకే కొడతాను."

పైడయ్య గట్లమీద పడి పరుగు లంకించుకున్నాడు. తలపాగా ఊడి చేలో పడ్డా ఆగలేదు. అతను పందిట్లోకి దూరగానే మాస్టరుగారు నన్ను ఎడాపెడా వాయించారు. అంత సంతోషంగా నేనెన్నడూ మోగలేదు. ఆ వెంటనే ఊళ్లోంచి గట్టిమేళం వినిపించింది.

బుట్టలతో, మూటలతో జనం ప్లాట్‌ఫారం మీదికి ఉరికొచ్చారు.

"బండేదండీ?" అన్నారు.

"బండి లేదు, పెళ్లుంది. వెళ్లి నాలుగక్షింతలు వేసి రండి" అన్నారాయన.

తీరుబడిగా బండి వచ్చేసరికి ఎక్కేవాడు ఒక్కడూ లేడు. అందరూ విస్తళ్ల ముందున్నారు.

తర్వాత స్టేషనుకు మైకు వచ్చింది. నన్ను పట్నం తీసుకొచ్చి మ్యూజియంలో పెట్టి, "బండి రాకను తెలిపే గంట" అని చీటీ అంటించారు. రాసినవాడి తప్పేం లేదు. పాపం, వాడు ఆ పెళ్లికి రాలేదు.